సర్వే నంబరు లేని వార్తలు

వక్ఫ్ సవరణ చట్టం గురించి తెలుగు పత్రికలు, ఛానళ్లు తక్కువ మాట్లాడాయని ఎవరూ అనలేరు. 2024 ఆగస్టులో బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చిన నాటి నుంచి 2025 ఏప్రిల్ 5న రాష్ట్రపతి ఆమోదముద్ర పడేదాకా, ఆ తర్వాత కూడా చర్చలకు కొదవ లేదు. అయితే ఆ చర్చల్లో అధికభాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: ముస్లింలకు ద్రోహం చేసినదెవరు, అండగా నిలిచినదెవరు? బిల్లుకు ఓటు వేసిన తెలుగుదేశం పార్టీకి దగ్గరగా ఉండే మాధ్యమాలు ఆ పార్టీ పట్టుబట్టి చేయించిన మార్పులను ముందుకు తెచ్చాయి. ఎదుటి పక్షపు మాధ్యమాలకు ఆ మార్పుల్లో ఏముందో వివరించే అవసరం కనిపించలేదు. ద్రోహం అన్న ఒక్క మాట చాలింది. రెండింటినీ చదివిన పాఠకునికి ఏ పార్టీని తిట్టాలో తెలిసింది గాని, తన ఊరి ఈద్గా ఏమవుతుందో తెలియలేదు.

తెలియవలసింది చాలా ఉండింది. దస్తావేజు లేకపోయినా తరతరాల వాడుక వల్ల వక్ఫ్‌గా గుర్తింపు పొందిన ఖబరస్తాన్లు, మసీదులు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. కొత్త చట్టం ఇకముందు అటువంటి గుర్తింపునకు తావు లేకుండా చేసింది. అప్పటికే నమోదైనవి కొనసాగుతాయి, కాని వివాదంలో ఉన్నవి, ప్రభుత్వ భూమి అన్నవి మినహాయింపు. ఆ మినహాయింపులోనే అసలు ప్రమాదమంతా ఉంది. నమోదైన ప్రతి వక్ఫ్ వివరాలను ఆరు నెలల్లోగా ఆన్‌లైన్‌లో ఎక్కించాలన్నది మరో నిబంధన. అందుకోసం కేంద్రం 2025 జూన్ 6న ‘ఉమీద్’ పోర్టల్ ప్రారంభించింది. సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. ఐదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నవారే వక్ఫ్ చేయాలన్న షరతును, భూమి ఎవరిదో అధికారే తేల్చి రికార్డులు మార్చే వీలును కోర్టు నిలిపివేసింది. ఆ ఉత్తర్వును ఇరుపక్షాలూ తమ విజయంగానే ప్రకటించుకున్నాయి. నమోదు నిబంధనపై స్టే లేదన్న సంగతి, అంటే గడువు నడుస్తూనే ఉందన్న సంగతి, ఆ విజయోత్సవాల్లో మరుగున పడింది. డిసెంబర్‌లో గడువు ముగియవచ్చింది. పొడిగించడానికి సుప్రీంకోర్టు అంగీకరించక, ట్రిబ్యునల్‌ను ఆశ్రయించమన్నది. ఆ రోజుల్లో మాకు ఫోన్ చేసిన ముతవల్లీల్లో పలువురు ఈ గడువు సంగతిని జుమా నమాజు తర్వాత ఎవరో చెప్పగా విన్నవారే. వారి ఇళ్లకు పత్రికలు రాకపోలేదు.

ఇలా ఎందుకు జరుగుతున్నదంటే ‘మీడియా అమ్ముడుపోయింది’ అన్న మాట వెంటనే వినిపిస్తుంది. అది సగం నిజమే. తెలుగులో ఏ పత్రిక ఏ కుటుంబానిది, ఏ ఛానల్ ఏ పార్టీ నీడలో నడుస్తుందన్నది చిన్నపిల్లలకు సైతం తెలుసు. అయితే సమస్య యజమాని దగ్గరే ఆగిపోలేదు. మండలంలో ఉండే విలేకరి పరిస్థితి చూడండి. అతనికి జీతం ఉండదు, లేదా పేరుకు ఉంటుంది. అచ్చయిన వార్త నిడివిని బట్టి అందే నాలుగు రూకలు పెట్రోలుకు కూడా చాలవు. పైగా పండుగకు, పత్రిక వార్షికోత్సవానికి, నాయకుని పుట్టినరోజుకు ఇన్ని వేల రూపాయల ప్రకటనలు తేవాలని లక్ష్యం విధిస్తారు. ఆ ప్రకటన ఇచ్చేవాడెవడు? స్థిరాస్తి వ్యాపారి, క్వారీ యజమాని, మండల నాయకుడు. చాలాచోట్ల ఈ ముగ్గురూ ఒకే మనిషి. ఊరి చివర దర్గా భూమిలో హద్దురాళ్లు పీకినవాడూ అతడే అయినప్పుడు, రంజాన్ శుభాకాంక్షల ప్రకటన అతని నుంచే తెచ్చుకున్న విలేకరి ఏమి రాయగలడు? మేము అతన్ని నిందించలేము. అతని చేతికి కలం ఇచ్చి, రసీదు పుస్తకం కూడా ఇచ్చినవారిని నిందిస్తాము.

మణికొండ సంగతి గుర్తు చేసుకుంటే పార్టీల తీరు, పత్రికల తీరు రెండూ ఒకేచోట కనబడతాయి. హజ్రత్ హుసేన్ షా వలీ దర్గాకు చెందినదని వక్ఫ్ బోర్డు వాదించిన భూమి 1,654 ఎకరాల పైచిలుకు. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వాలు దానిని ఐటీ కంపెనీలకు, నిర్మాణ సంస్థలకు కేటాయిస్తూ పోయాయి. 2012లో హైకోర్టు తీర్పు వక్ఫ్ బోర్డుకు అనుకూలంగా వస్తే, నాటి కాంగ్రెస్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. రాష్ట్రం విడిపోయింది, తెలంగాణలో అధికారం మారింది. భూమి ప్రభుత్వానిదేనన్న వాదన మాత్రం మారలేదు. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ వాదననే ఆమోదించింది. కేటాయింపుల నాటి తెలుగుదేశం, అప్పీలు నాటి కాంగ్రెస్, తీర్పు నాటి టీఆర్ఎస్ పార్టీలు ముస్లింల ఓటు అడగని ఎన్నిక ఒక్కటీ లేదు. వారి అనుకూల పత్రికలకేమో మణికొండ ఎదుటివాడు గద్దె మీద ఉన్నప్పుడే వార్త.

ఇక మౌనం కన్నా కీడు చేసిన సందర్భాలున్నాయి. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తర్వాత పాతబస్తీ యువకులను డజన్ల కొద్దీ పట్టుకుపోయారు. పోలీసులు చెవిలో ఊదినదే చాలా పత్రికల్లో వార్తయింది, అదీ పేర్లతో, ఫొటోలతో, మొదటి పేజీలో. అక్రమ నిర్బంధం, చిత్రహింసల ఆరోపణలపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ విచారణ చేయించవలసి వచ్చింది. సీబీఐ దర్యాప్తు ఆ యువకులను వదిలి వేరే దారి పట్టింది. ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించింది. 20 మందికి తలా 3 లక్షలు, 50 మందికి తలా 20 వేలు. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కూడా కొట్టివేసింది. 2018 ఏప్రిల్ 16న స్వామి అసీమానంద సహా విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ నిర్దోషులుగా విడుదలయ్యారు. అంటే మసీదులో నమాజుకు వెళ్లి ప్రాణాలు కోల్పోయినవారి కేసులో నేటికీ దోషి లేడు. ఈ ప్రశ్నను పట్టుకుని ఏళ్ల తరబడి వెంటాడిన తెలుగు పత్రిక ఏదని అడిగితే మాకు జవాబు దొరకడం లేదు. ఉగ్రవాది అన్న ముద్రతో పెళ్లి సంబంధాలు, ఉద్యోగాలు పోగొట్టుకున్నవారి సంగతి సరేసరి. 2020లో తబ్లీగీ జమాత్‌పై సాగిన ప్రచారం కూడా ఇదే బాటలో నడిచింది. ఆ ప్రచారాన్ని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తప్పుపట్టేనాటికి తోపుడుబండ్లవారి బేరాలు దెబ్బతిననే తిన్నాయి.

అయితే ఇంత చెప్పి, మన ఇంటి సంగతి దాటవేయడం న్యాయం కాదు. పత్రికలపై విసుగు చెందిన మనవారు వాట్సాప్‌కు మళ్లారు. అక్కడ చట్టంలో లేని సెక్షన్లు పుడుతున్నాయి, కోర్టు ఇవ్వని తీర్పులు వెలువడుతున్నాయి. సమాచారం తెచ్చినవాని మాటను విచారించి చూడమని సూరా హుజురాత్ చెబుతున్నదని ప్రసంగాల్లో వింటాము. ఫోన్ చేతిలోకి రాగానే మరచిపోతాము. మసీదు కమిటీల్లో, వక్ఫ్ బోర్డు పదవుల్లో పార్టీ జెండాలు చొరబడ్డాయి. మన పార్టీ నాయకుడు ఆక్రమిస్తే కమిటీ గొంతు పెగలదు. ముతవల్లీయే తక్కువ అద్దెకు బంధువులకు షాపులు కట్టబెట్టిన చోట ‘ఇంటి గుట్టు బయట పెట్టకండి’ అని మాకే హితవు చెప్పినవారున్నారు.

షోయబుల్లా ఖాన్ ఇంటి గుట్టు దాచలేదు. ‘ఇమ్రోజ్’ ఉర్దూ దినపత్రిక సంపాదకునిగా ఆయన రజాకార్ల దౌర్జన్యాలను తెగనాడారు, భారత యూనియన్‌లో విలీనాన్ని సమర్థించారు. 1948 ఆగస్టులో హైదరాబాద్ వీధిలో ఆయన చేయి నరికి, ప్రాణం తీశారు. ఏటా సెప్టెంబర్ 17 రాగానే విమోచనమా, విలీనమా అని కొట్టుకునే పార్టీలు ఆయన పేరును తలా కొంచెం వాడుకుంటాయి. తన సముదాయంలో బలవంతులైనవారి తప్పును, వారి భాషలోనే, వారి నగరంలోనే అచ్చువేసిన మనిషి అన్న సంగతి మాత్రం ఎవరికీ పనికిరాదు.

వచ్చే సంచిక నుంచి రెండు పేజీలను వక్ఫ్ ఆస్తుల వివరాలకే కేటాయిస్తున్నాము. మీ ఊరి మసీదు, దర్గా, ఈద్గా, ఖబరస్తాన్ ఏదైనా సరే, గెజిట్ పేజీ నకలు, పహాణీ లేదా అడంగల్ నకలు, పోర్టల్‌లో ఎక్కించారో లేదో తెలిపే రెండు మాటలు రాసి పంపండి. ఆ భూమి రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో ఉందో లేదో కూడా చూసి రాయండి. ఆక్రమణ ఉంటే ఎవరిదో రాయండి. ఏ పార్టీ వాడైనా, కమిటీ వాడైనా రాయండి. ఆధారం లేని ఆరోపణను మేము అచ్చువేయము. పంపినవారి పేరును వారు కోరితే బయటపెట్టము. నకలును ఫొటో తీసి పంపేవారు సర్వే నంబరు స్పష్టంగా కనబడేలా చూడగలరు.