దొంగ వదిలేసిన కారు

ఢిల్లీలోని ద్వారకలో మేముండే అపార్ట్‌మెంట్ గోడ బయట, వీధి దీపం కిందే నిలిపిన మా కారు వెనక చిన్న అద్దం ఒకరోజు తెల్లవారేసరికి పగిలి ఉంది. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవరు ఊడదీసి, తాళం చెవి తిప్పే బారెల్‌ను విరిచేశారు. వైర్లు బయటికి వేలాడుతున్నాయి. ఏ కుక్క మొరిగిందో, ఏ వాచ్‌మన్ దగ్గాడో గానీ కారు మాత్రం అక్కడే ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: ‘పోన్లెండి, బండి దక్కింది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిగా!’ ఆ ‘ఫుల్’ అన్న మాటలో ఎంత వెలితి ఉందో అర్థం కావడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

ఢిల్లీలో కొన్నేళ్లుగా ఏటా ముప్పై వేలకు పైగా వాహనాలు చోరీ అవుతున్నాయి. దొంగ బండ్లను విప్పి విడిభాగాలుగా అమ్మడంలో పేరుమోసిన మీరట్ సోతీగంజ్ బజారును ఉత్తరప్రదేశ్ పోలీసులు 2021 డిసెంబర్‌లో మూయించారు. అయినా చోరీలు ఆగలేదు, పద్ధతి మారింది. అద్దం పగలగొట్టి లోపలికి దూరడం, డాష్‌బోర్డు కింది ఓబీడీ పోర్టుకు యంత్రం తగిలించి కొత్త తాళం చెవికి ప్రోగ్రామ్ ఎక్కించడం నిమిషాల్లో పని. ఆ నిమిషాల్లో ఎవరైనా లేస్తే బండిని వదిలేసి పారిపోతారు. పైన చెప్పిన ముప్పై వేలు పోయిన బండ్ల లెక్క. వదిలేసిన బండ్లు అందులో లేవు.

మన కారు పాలసీల్లోని షరతుల భాష చాలావరకు 2002 జులై 1న అమల్లోకి వచ్చిన ఇండియన్ మోటార్ టారిఫ్‌లోనిది. 2007లో సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియం రేట్లను కంపెనీలకు వదిలేశారు గానీ ఆ మాటలు పెద్దగా మారలేదు. అందులో అగ్నిప్రమాదం ఉంది, వరద ఉంది, ఇంటి దొంగతనం, చోరీ ఉన్నాయి, దురుద్దేశంతో చేసిన నష్టం ఉంది. చోరీ యత్నం అన్న మాట లేదు. దురుద్దేశపు నష్టం కిందనో, చోరీ కిందనో క్లెయిమ్ నడుస్తుంది కాబట్టి కంపెనీ మొహం మీద తలుపు వేయదు. కానీ ఆ తలుపు దాటి వెళ్లేసరికి చేతికొచ్చేది ఏమిటన్నదే ప్రశ్న.

చాలామంది ఆ తలుపు దాకా కూడా వెళ్లలేరు. 2018 సెప్టెంబర్ 1 నుంచి సుప్రీంకోర్టు ఆదేశం మేరకు కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలి. దానితోపాటు సొంత కారుకు జరిగే నష్టానికి, అంటే ఓన్ డ్యామేజ్‌కు, ఎక్కువగా ఒక్క ఏడాదే కట్టిస్తారు. కాగితం మీద మూడేళ్ల తేదీ కనబడుతుంది. రెండో ఏడాది ఓన్ డ్యామేజ్ రెన్యువల్ మరిచిపోయిన యజమాని బీమా ఉందనే నమ్మకంతో తిరుగుతుంటాడు. ట్రాఫిక్ పోలీసు ఆపితే ఆ కాగితం చెల్లుతుంది. దొంగ అద్దం పగలగొడితే చెల్లదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది మొదటి రెండు రోజులు. బీమా కంపెనీకి ఫోన్ చేస్తే సర్వేయర్ చూసేదాకా రిపేరు చేయించవద్దన్నారు. ఠాణాకు వెళితే తాము వచ్చి చూసేదాకా ఏదీ ముట్టుకోవద్దన్నారు. పాలసీ తెరిచి చూస్తే, వాహనాన్ని నష్టం నుంచి కాపాడేందుకు తగిన చర్యలన్నీ యజమాని తీసుకోవాలని, ప్రమాదం తర్వాత జాగ్రత్తలు లేకుండా బండిని వదిలేయరాదని, రిపేరుకు ముందు నడిపితే పెరిగిన నష్టం మీదేనని రాసి ఉంది. ముగ్గురూ చెప్పేది విడివిడిగా సబబే. కలిపి చూస్తే పగిలిన అద్దంతో, విరిగిన తాళంతో కారు రెండు రాత్రులు అదే వీధిలో పడి ఉండాలి, దానికి కాపలా మాత్రం నేను కాయాలి. ఆ రెండో రాత్రి పాత దొంగే తిరిగొచ్చి బండి తోలుకుపోతే, ‘తగిన చర్యలు’ తీసుకోలేదన్న వాదనకు నేనే దారి చూపినట్టవుతుంది. గ్యారేజీకి లాగించుకుందామంటే ప్రామాణిక పాలసీలో ఆ ఖర్చుకు పరిమితి 1,500 రూపాయలు. అది కూడా 2002 నాటి అంకె.

ఠాణాలో ఇంకో చిక్కు ఉంది. కారు పోతే ఢిల్లీ పోలీసు వెబ్‌సైట్‌లో ఈ-ఎఫ్ఐఆర్ నమోదవుతుంది. పోకుండా ఆగిపోతే, ‘బండి ఉందిగా, ఇంక ఎఫ్ఐఆర్ ఎందుకు?’ అంటారు. ఫిర్యాదు ప్రతి మీద ముద్ర వేసో, డైరీ ఎంట్రీ నంబరు రాసిచ్చో పంపేస్తారు. దీన్ని అద్దం పగలగొట్టిన చిన్న ఆస్తినష్టంగా రాసుకుంటే అది ఎఫ్ఐఆర్ అక్కర్లేని నేరమవుతుంది. దొంగతనం యత్నంగా రాస్తే ఎఫ్ఐఆర్ తప్పనిసరి. కాగ్నిజబుల్, అంటే పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరంపై సమాచారం అందితే ఎఫ్ఐఆర్ రాసి తీరాలని గాజియాబాద్ నుంచి వెళ్లిన లలిత కుమారి కేసులో 2013 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పైగా చట్టం దొంగతనానికి ఇచ్చిన నిర్వచనం మనం అనుకునేదానికంటే విశాలం. పాత ఐపీసీ 378వ సెక్షన్‌లోనూ ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 303లోనూ, దొంగిలించే ఉద్దేశంతో వస్తువును కదిలించడమే దొంగతనం. దాన్ని ఊరు దాటించనక్కర్లేదు. దొంగ కారును నాలుగడుగులు తోసి వదిలేసినా నేరం పూర్తయినట్టే. ఏ ఠాణాలోనూ ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక డబ్బు లెక్క. మా కారుది నాలుగో ఏడు. రిపేరుకు పన్నులు కాక 19,000 అయింది. అందులో అద్దం 3,000, ప్లాస్టిక్ భాగాలు 4,000, తాళాల సెట్, వైరింగ్ 8,000, కూలి 4,000. బీమా లెక్కలో అద్దానికి తరుగు లేదు. ప్లాస్టిక్‌కు 50 శాతం కోత. మిగతా భాగాలకు నాలుగో ఏట 25 శాతం కోత. అంటే 15,000 తేలింది. 1500 సీసీ లోపు కారుకు యజమాని తప్పనిసరిగా భరించాల్సిన 1,000 తీసేస్తే చేతికొచ్చేది 14,000. ఇప్పుడు రెండో వైపు చూడండి. పాత కారు నుంచి బదిలీ అయిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ నాకుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 అనుకుంటే నేను కడుతున్నది 6,000. ఒక్క క్లెయిమ్‌తో ఆ బోనస్ సున్నాకు పడిపోయి 20, 25, 35, 45 శాతాల మెట్లెక్కుతూ మళ్లీ 50కి చేరాలి. అసలు ప్రీమియం మారదనుకున్నా ఈలోగా నేను అదనంగా కట్టేది 15,000. పద్నాలుగు వేలు తీసుకుని పదిహేను వేలు పోగొట్టుకోవాలన్నమాట. క్లెయిమ్ వెనక్కి తీసుకున్నాను.

తరుగు కోత లేని ‘బంపర్ టు బంపర్’ పాలసీ తీసుకోవాల్సింది, బోనస్ రక్షణ యాడ్-ఆన్ కొనాల్సింది అంటారు. నిజమే, అవి ఉంటే నష్టం తగ్గేది. కానీ బోనస్ ఎందుకోసం? జాగ్రత్తగా నడిపి, చిన్నాచితకా క్లెయిములు పెట్టని యజమానికి అది బహుమతి. రాత్రి మూడు గంటలకు ఎవడో అద్దం పగలగొడితే యజమాని జాగ్రత్తలో లోపమేముంది? నేరానికి గురైనవాడికీ, గోడకు గుద్దినవాడికీ ఒకే శిక్ష వేయడం సబబు కాదు.

న్యాయస్థానాలు ఈ దిశలో కంపెనీలకంటే చాలా ముందున్నాయి. ట్రాక్టర్ పోయిన గుర్‌షిందర్ సింగ్ కేసులో 2020 జనవరి 24న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. ఎఫ్ఐఆర్ వెంటనే నమోదైనప్పుడు, కంపెనీకి 52 రోజుల తర్వాత తెలిపారన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయరాదంది. పాలసీలో చోరీతోపాటు ‘నేరపూరిత చర్య’ అన్న మాట కూడా ఉంది, అక్కడ ముందు తెలియజేయాల్సింది పోలీసులకు. చోరీ యత్నం నేరపూరిత చర్య కాకపోతే మరేమిటి? షరతు ఉల్లంఘన ఉందనుకున్న చోటా మొత్తం ఎగ్గొట్టకుండా 75 శాతం ఇప్పించిన తీర్పులు 2008 నాటి నితిన్ ఖండేల్వాల్ కేసు నుంచీ ఉన్నాయి. అయితే 19,000 రూపాయల కోసం సుప్రీంకోర్టు దాకా ఎవరు వెళ్తారు?

అందుకే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కదలాలి. డాక్యుమెంట్లు లేవన్న సాకుతో క్లెయిములు తిరస్కరించరాదని 2024 జూన్‌లో ఆ సంస్థే ఆదేశించింది. అదే చేత్తో ఇంకో నాలుగు వాక్యాలు రాయాలి. చోరీ యత్నాన్ని పాలసీలో పేరు పెట్టి చేర్చాలి. పోలీసు ఫిర్యాదు రసీదు ఉంటే ఆ క్లెయిమ్ బోనస్‌ను తాకకూడదు. ఫొటోలు, వీడియో తీశాక తాళం, అద్దం వెంటనే బాగుచేయించుకోవచ్చని స్పష్టం చేయాలి. లాగించే ఖర్చు పరిమితిని నేటి ధరలకు సవరించాలి.

అప్పటిదాకా, కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు అన్యాయమనిపించినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. ఢిల్లీ, గురుగ్రామ్, ఫరీదాబాద్ వాళ్లకు అసఫ్ అలీ రోడ్డులోని కార్యాలయం. నోయిడా, గాజియాబాద్ వాళ్లకు నోయిడా కార్యాలయం. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. దానికంటే ముందు ఈ రాత్రే పాలసీ కాగితం తీసి, ఓన్ డ్యామేజ్ ఎదురుగా ఏ తేదీ ఉందో ఒక్కసారి చూసుకోండి.