మొండిగోడల సియెనా

ఈ సంచిక ముఖపత్ర కథనం ఇటలీలోని సియెనా నగరం గురించి. టస్కనీ ప్రాంతంలో మూడు గుట్టల మీద పరుచుకున్న ఈ పాతపట్టణాన్ని యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

1339లో సియెనా వాసులు తమ ప్రధాన చర్చిని బ్రహ్మాండంగా విస్తరించాలని తలపెట్టారు. పని సాగుతుండగానే, 1348లో ప్లేగు మహమ్మారి ఊరిని ఊడ్చేసింది. ఆ తర్వాత నిర్మాణం ఆగిపోయింది. ఆనాటి మొండిగోడలు నేటికీ నిలిచే ఉన్నాయి. సందర్శకులు వాటి పైకెక్కి నగరమంతా చూస్తారు.

అదే కాలంలో నగర పాలక భవనంలో అంబ్రోజియో లోరెంజెత్తి గోడచిత్రాలు వేశాడు. మంచి పాలనను చూపే చిత్రంలో అంగళ్లు కళకళలాడుతుంటాయి, తాపీవాళ్లు ఇళ్లు కడుతుంటారు, రైతులు పొలాల్లో పనిచేసుకుంటుంటారు. చెడ్డ పాలనను చూపే చిత్రంలో కొమ్ములున్న నిరంకుశుడు సింహాసనమెక్కితే, న్యాయదేవత అతని కాళ్ల దగ్గర బందీగా పడి ఉంటుంది. అప్పట్లో నగరాన్ని ఏలిన తొమ్మిదిమంది పాలకులు సమావేశమైన గదిలోనే ఈ బొమ్మలు!

ఏటా జులై 2న, ఆగస్టు 16న కాంపో మైదానంలో పాలియో గుర్రపు పందేలు జరుగుతాయి. నగరంలోని 17 పేటల్లో ప్రతిసారీ పదింటికే బరిలో చోటు. ఆ రోజుల్లో ఊరంతా పేటల జెండాలే.

అందమైన కట్టడాలు ఇటలీలో చాలాచోట్ల ఉన్నాయి. అధికారంలో ఉన్నవాళ్ల కళ్లెదుటే ఆ గోడచిత్రాలతో హెచ్చరికను నిలిపిన విజ్ఞత మాత్రం సియెనాను ప్రత్యేకంగా నిలబెడుతుందని ఈ పత్రిక నమ్మకం. లోపలి పేజీల్లోని కథనం చదివి, పాఠకులు తమ అభిప్రాయాలు తప్పక రాయాలని మనవి.