చెఱువు శాస్త్రము

కడప మండలమునందలి పోరుమామిళ్ల చెఱువు శాసనము నేఁటికిని మనకు పఠనీయము. విజయనగర రాజకుమారుఁడు భాస్కర భవదూరుఁడు క్రీ.శ. 1369లో దానిని వేయించెను. దినమునకు వేయిమంది కూలీలును, నూఱు బండ్లును రెండేండ్లు పాటుపడినట్లు అందుఁ గలదు.

మంచి చెఱువునకు పండ్రెండంగములును, ఆఱు దోషములును అందు గణింపఁబడినవి. గట్టి నేల, తియ్యని నీటి యేఱు, చేరువ కొండ ప్రకృతి యొసఁగునవి. ధర్మపరుఁడగు ప్రభువును, జలశాస్త్రవేత్తను, నేర్పరులగు పనివారిని మనమే సమకూర్చుకొనవలయును. కట్టనుండి నీరూరుట, చవుడు నేల, కొద్దినీటికి విస్తారమగు ఆయకట్టు దోషములఁట. రెండు రాజ్యముల పొలిమేరనుండుటయు దోషమే. నేఁడు మన చెఱువులు పలు కచేరీల పొలిమేరనున్నవి: కట్ట యొకరిది, గర్భపు భూమి యొకరిది, చేఁపల పాట మఱియొకరిది!

సీమలో వాన కొద్ది. అదియు నొక్కపెట్టునఁ గురిసి పోవును. వంకలు పూడి, గర్భము ఆక్రమణల పాలై, మరువలు బీటలువాఱినచోట నెంత కురిసిన నేమి ఫలము?

నేఁడు సాధనములకుఁ గొఱఁత లేదు. ఉపగ్రహచిత్రములు చెఱువు హద్దులను చూపును. కొలబద్దలు నీటిమట్టమును తెలుపును. కాని కచేరీ బీరువాలోని జ్ఞానము తూము క్రింది రైతునకు అక్కఱకు రాదు. 1997 నాటి చట్టము నీటి వినియోగదారుల సంఘములకుఁ జోటిచ్చినది. ప్రతి సంఘమునకును చెఱువు పటమును, పూడిక లెక్కను అందఁజేసి, హద్దుఱాళ్లు నాటించి, నీరుగంటికిఁ దగిన వేతన మేర్పఱుపవలయునని మేము కోరుచున్నాము.

రాజుల కాలము గతించినది. మొదటి యంగమగు ప్రభువును, కడపటి యంగమగు పనివాఁడును నేఁడు ప్రజయే. ఆ రెండు బాధ్యతలను మఱచినచో శాసనము మిగులును, చెఱువు మిగులదు.