లాగులు ఉతకండి... లాగ్‌లు కాదు!

హామ్ రేడియో పోటీల్లో 'లాగ్ క్లీనింగ్' అని ఓ అలవాటుంది. వినడానికి ఎంత శుభ్రంగా ఉందో కదా! నేనైతే దాన్ని దొంగతనం అంటాను. ఎందుకో చెప్పాక తిట్టుకుందురు గాని.

తెలీని సాఫ్ట్‌వేర్ సోదరుల కోసం రెండు ముక్కలు. సీక్యూ వరల్డ్ వైడ్ అని ఏటా పోటీ జరుగుతుంది. అక్టోబరు చివరి పూర్తి వారాంతంలో మాటల్లో, నవంబరు చివర్లో మోర్సులో. 48 గంటలు. అవతలివాడి కాల్‌సైనూ, జోన్ నంబరూ (మనది 22) విని రాసుకోవాలి. పోటీ ముగిసిన 5 రోజుల్లో లాగ్ పంపాలి. నిర్వాహకులు అందరి లాగ్‌లూ ఒకదాంతో ఒకటి పోల్చి చూస్తారు. మన భాషలో టేబుళ్ళ జాయిన్, అంతే :) కాల్‌సైను తప్పయితే ఆ కాంటాక్టు పోతుంది, పైన జరిమానా కూడా.

కక్కుర్తి ఇక్కడే మొదలు. పోటీ అయ్యాక తీరిగ్గా కూర్చుని డేటాబేసులో వెతికి దిద్దడం. రికార్డింగ్ మళ్ళీ వినడం. "అన్నా, మనిద్దరిదీ నీ లాగ్‌లో ఎట్లా ఉంది?" అని వాట్సాప్‌లో అడగడం. ఇవన్నీ కుదరవని రూల్సులో స్పష్టంగానే ఉంది.

"తప్పు దిద్దితే లాగ్ ఇంకా కరెక్ట్ అవుతుంది కదండీ?" అంటారు. అవదు! మోర్సులో మూడు చుక్కలు ఎస్, నాలుగు హెచ్, అయిదయితే 5. మీ చెవికి మూడే వినపడ్డాయి. లాగ్ చెప్పాల్సింది అదే. ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే కోడ్ దిద్దుతాం. లాగ్ ఫైల్ దిద్దుతామా? దిద్ది ఆడిట్‌లో దొరికితే ఉద్యోగం ఊడుతుంది.

ఇంకో వాదన, రొద. నిజమే. మా బోయిగూడలో ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ బల్బులు, పక్కనే సికింద్రాబాద్ స్టేషను. డాబా మీద డైపోల్ కట్టి వింటే సిగ్నల్ కన్నా గుర్రుమనే మోతే ఎక్కువ. అయితే ఏం? "అగెయిన్" అని అడగడానికి అయిదు సెకన్లు చాలు. ఆ అయిదు సెకన్లు ఖర్చుపెట్టినవాడి స్కోరుని, పెట్టకుండా తర్వాత ఇంట్లో కూర్చుని ఉతికినవాడు దాటేస్తే అది ఆటా?

ఆటే కదా అని తీసిపారేయకండి. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్ళింది. ప్రపంచంలోని హామ్‌లంతా ఒక్క కాంటాక్టు కోసం ఎగబడ్డ సరదా యాత్ర అది. 26న సునామీ వచ్చింది. సరదా స్టేషనే రాత్రికి రాత్రి క్షేమ సమాచారాలు మోసే స్టేషనయింది. క్షేమంగా ఉన్న మనిషి పేరు సరిగ్గా విన్నామో లేదో చూసుకోడానికి అప్పుడు ఏ డేటాబేసూ ఉండదు. చెవి, కాగితం, "మళ్ళీ చెప్పండి" అనే ఓపిక. అంతే. పోటీలు నేర్పాల్సింది ఆ ఓపికనే.

వినపడింది రాయండి. వినపడకపోతే అడగండి. అప్పటికీ వినపడకపోతే వదిలేయండి. చేతులు మరీ దురదపెడితే... ఉతకడానికి ఇంట్లో లాగులున్నాయిగా :)