సర్దుకుపోయిందెవరు?

ఈమధ్య హైదరాబాదులో చిన్న వ్యాపారాల మీద జరిగిన ఒక సదస్సుకు వెళ్ళాను. కోవిడ్ కాలంలో చిన్న హోటళ్ళు, టిఫిన్ సెంటర్లు ఎలా నిలబడ్డాయో ఒక వక్త ఎంతో ఉత్సాహంగా చెప్పారు. లోపలి బల్లలు తీసేశారట, గుమ్మానికి అడ్డంగా ఒక టేబుల్ వేశారట, ఫోన్లో ఆర్డర్లు తీసుకుని పార్సిళ్ళు కట్టి పంపారట. "మనవాళ్ళు ఎంత చక్కగా సర్దుకుపోయారో చూడండి" అని ముగించారు. హాలంతా చప్పట్లు.

నాకు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. సర్దుకుపోవడం అనే మాట ఆడవాళ్ళకు కొత్తది కాదు. అత్తవారింట్లో సర్దుకుపో అంటారు. తాగొచ్చి కొట్టే భర్తతో సర్దుకుపో అంటారు. ఫిర్యాదు ఇవ్వడానికి వెళితే పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టి కౌన్సెలింగ్ పేరుతో అదే మాట చెబుతారు. అందుకే ఆ మాట ఎక్కడ వినిపించినా నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. సర్దుకుపోయిందెవరు? హోటలా, హోటల్లో పనిచేసే ఆడవాళ్ళా?

ముందు ఆనాటి పరిస్థితి గుర్తు చేసుకుందాం. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఆ వారంలోనే హైదరాబాదులో హాస్టళ్ళు ఖాళీ చేయించారు. పిల్లలు పెట్టెలు పట్టుకుని బయలుదేరితే రాష్ట్ర సరిహద్దులో ఆపేశారు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల కర్రీ పాయింట్లకూ టిఫిన్ సెంటర్లకూ ఆ హాస్టళ్ళ పిల్లలే ఆధారం. ఏప్రిల్ 19న తెలంగాణ ప్రభుత్వం స్విగ్గీ, జొమాటో డెలివరీలను కూడా నిషేధించింది. మే 17న కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఉత్తర్వుల్లో, ఇళ్ళకు పంపడానికైతే రెస్టారెంట్లు వంటగదులు నడుపుకోవచ్చు అన్నారు. జూన్ 8 నుంచి కూర్చోబెట్టి వడ్డించడానికి అనుమతి వచ్చింది గాని, సగం కుర్చీలే నింపాలి, వీలైనంతవరకూ పార్సిల్‌నే ప్రోత్సహించాలి అని ఆరోగ్య శాఖ నియమాలు పెట్టింది. ప్రజారోగ్యం దృష్ట్యా ఆ నియమాలు అవసరమే. నా తగాదా నియమంతో కాదు. ఆ నియమం బరువు ఎవరి నెత్తిన పడిందో చూడకపోవడంతో.

మా వీధి చివర ఒక టిఫిన్ సెంటర్ ఉంది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. భర్త గల్లా దగ్గర కూర్చుంటాడు. భార్య ఇడ్లీ, వడ, చట్నీలు చూసుకుంటుంది. లాక్‌డౌన్‌కి ముందు దోశెలకు ఒక మాస్టర్, అంట్లు తోమడానికి పాలమూరు నుంచి వలస వచ్చిన ఒకామె ఉండేవారు. నాలుగు బల్లలు, పదహారు కుర్చీలు. నేను చాలా ఉదయాలు అక్కడే తినేదాన్ని.

ఆ జూన్‌లో షట్టర్ సగం ఎత్తి పార్సిల్ మొదలుపెట్టారు. దోశెల మాస్టర్ సొంతూరు వెళ్ళిపోయి తిరిగి రాలేదు. ఆయన పెనం భార్య చేతికొచ్చింది. అద్దె భారమని వెనక గది వదిలేశారు. గ్రైండర్ ఇంటికి వెళ్ళింది. ఇంతకుముందు కొట్లో పగటిపూట జరిగే రుబ్బుడు ఇంట్లో రాత్రిపూటకి మారింది. పార్సిల్ అంటే కొత్త పని కూడా. అల్లం చట్నీ, పల్లీ చట్నీ, సాంబారు విడివిడిగా కవర్లలో పోసి, కారకుండా దారం చుట్టి ముడి వేయాలి. కూర్చుని తినేవాడికి గరిటెతో ఒక్కసారి వడ్డిస్తే సరిపోయేదానికి ఇప్పుడు మూడు ముడులు. ఆ ముడులు బడి మూతపడి ఇంట్లో ఉన్న పదో తరగతి కూతురు వేసేది. కొడుకు కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఆన్‌లైన్ క్లాసు కోసం ఉన్న ఒక్క ఫోన్ అతని చేతిలో ఉండేది.

"ఇంత పని చేస్తున్నారు కదా, మీకంటూ ఏమైనా తీసుకుంటున్నారా?" అని ఒకరోజు ఆమెను అడిగాను. ఆమె నవ్వింది. "మన షాపులో మనకి జీతమేంటండీ?" అంది. షాపు కాగితాలు ఎవరి పేర ఉన్నాయని అడిగాను. జవాబు చెప్పకుండా గల్లా వైపు చూసింది.

దోశెల మాస్టర్‌కి జీతం ఉండేది. అదే పెనం మీద అదే దోశె ఆమె పోస్తే అది జీతం లేని పని అయింది. సదస్సులో వక్త ఖర్చు తగ్గించుకోవడం అన్నది దీన్నే. ఖర్చు తగ్గలేదు. అది భార్య ఒంటి మీదికి మారింది.

ఇక అంట్లు తోమే ఆమె సంగతి. వైరస్ వచ్చిందనో, పనిలో లోపముందనో ఆమెను మానిపించలేదు. "ప్లేట్లే లేవు, ఇగ నువ్వెందుకు అన్నరు మేడం" అని తానే చెప్పింది. ఆ మాటలో పార్సిల్ వ్యాపారం అర్థశాస్త్రమంతా ఉంది. కస్టమర్ కూర్చోకపోతే ప్లేటు ఉండదు. ప్లేటు లేకపోతే తోమే మనిషి ఉండదు. చిన్న హోటళ్ళలో అంట్లు తోమడం, బల్లలు తుడవడం, కూరలు తరగడం, ఊడవడం ఎక్కువగా ఎవరి పనులో మనకు తెలుసు. పార్సిల్ రాగానే వాటిలో సగం మాయమయ్యాయి. కొత్తగా పుట్టిన పని డెలివరీ. దానికి బండి కావాలి, లైసెన్స్ కావాలి, స్మార్ట్‌ఫోన్ కావాలి, రాత్రి పదింటికి వీధిలో తిరిగే స్వేచ్ఛ కావాలి. తోమే పని పోగొట్టుకున్న నలభై ఏళ్ళ స్త్రీకి ఇందులో ఏది ఉంది? ఆమె పొద్దున హోటల్లో, మధ్యాహ్నం ఒక అపార్ట్‌మెంటులో పని చేసేది. పనివాళ్ళు లోపలికి రాకూడదని అపార్ట్‌మెంటు సంఘం అప్పటికే గేటు మూసింది. రెండు జీతాలూ ఒకే నెలలో పోయాయి.

డెలివరీ కుర్రాళ్ళు సుఖపడ్డారని నేననడం లేదు. వాళ్ళ దోపిడీ వేరే కథ. కానీ వాళ్ళకు చట్టంలో కనీసం ఒక పేరు దొరికింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి ప్లాట్‌ఫామ్ వర్కర్‌ని నిర్వచించింది. జీతం లేకుండా మొగుడి కొట్లో వండే భార్య మాత్రం కూలీ కాదు, యజమానీ కాదు. మన ప్రభుత్వ గణాంకాల్లో ఆమెకున్న పేరు కుటుంబ వ్యాపారంలో సహాయకురాలు. నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించే మనిషి సహాయకురాలట, ఏడింటికి వచ్చి గల్లా తెరిచే మనిషి యజమాని అట!

జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తే, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88 నిమిషాలు. మధ్యలో ఒక మహమ్మారి వచ్చి వెళ్ళింది, ఇంటి చాకిరీ పంపకం మాత్రం అలాగే ఉంది. సామాజిక శాస్త్ర పరిశోధకురాలిగా నాకు మరో ఇబ్బంది కూడా కనిపిస్తుంది. ఇంటిపని ఒక గడిలో, ఉపాధి మరో గడిలో రాయాలి. ఒకే గిన్నెలో పిల్లలకూ పార్సిల్‌కూ కలిపి సాంబారు కాస్తున్న స్త్రీ నిమిషాలను ఏ గడిలో రాద్దాం?

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. మన ఊళ్ళలో చాయ్ హోటల్లో కూర్చోవడం ఎప్పుడూ మగవాళ్ళ హక్కే. హైదరాబాద్ ఇరానీ హోటళ్ళలో ఆడవాళ్ళు కూర్చోవాలంటే ఫ్యామిలీ రూమ్ వెతుక్కోవాల్సి వచ్చేది. అది లేనిచోట ఫ్లాస్కు ఇచ్చి టీ తెప్పించుకున్నాం. అంటే మనకెప్పుడూ పార్సిలే. మగవాళ్ళకు ఆ గతి కొన్ని నెలలు పట్టగానే అది వార్త అయింది, సదస్సు అయింది. మా వీధి టిఫిన్ సెంటర్ బల్లల దగ్గర మాత్రం ఉదయం తొమ్మిది దాటాక పక్క ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు ఒక పావుగంట కూర్చునేవారు. వాళ్ళు రోజంతటిలో కూర్చునేది ఆ పావుగంటే. ఆ బల్లలు మళ్ళీ రాలేదు. పార్సిల్‌కే అలవాటు పడ్డాం, అద్దె కలిసొస్తుంది అన్నాడు యజమాని.

ప్రభుత్వం ఏం చేసిందని అడగవచ్చు. 2020 జూన్ 1న పీఎం స్వనిధి పథకం వచ్చింది. వీధి వ్యాపారులకు 10,000 రూపాయల అప్పు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. స్త్రీలకు కూడా ఆ అప్పులు అందాయి, కాదనను. కానీ 2020 మార్చి 24 నాటికే పట్టణంలో వీధి వ్యాపారం చేస్తూ ఉన్నవారికే అది వర్తించింది. ఆ తర్వాత భర్త ఉద్యోగం పోయి ఇంట్లోంచి కూరలు అమ్మడం మొదలుపెట్టిన స్త్రీ దానికి ఎలా అర్హురాలు? అద్దె షట్టర్లో నడిచే టిఫిన్ సెంటరూ వీధి వ్యాపారం కిందికి రాదు. అక్కడ అంట్లు తోమే ఆమె అసలు ఏ పథకం కిందికీ రాదు. ఉపాధి పోయినవాళ్ళకు అప్పు ఇస్తామనడమే విచిత్రం. రిజర్వ్ బ్యాంకు 2020 మార్చిలో వాయిదాలకు మారటోరియం ప్రకటించింది. వడ్డీ మాత్రం ఆగలేదు. గుమ్మం దగ్గరికి వచ్చే రోజువారీ ఫైనాన్సు వాడికి ఆ ప్రకటనతో పనే లేదు.

ఇక యాప్‌లు. యాప్‌లో చేరాలంటే ఫుడ్ సేఫ్టీ నంబరు, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా కావాలి. చిన్న వ్యాపారికి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్‌కి అప్పట్లో ఏడాదికి 100 రూపాయలే ఫీజు. అడ్డు పడింది ఫీజు కాదు, పేరు. కాగితాలన్నీ మగవాడి పేర ఉన్నప్పుడు ఆమె వంటకు వచ్చిన డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. ఇంతకుముందు గల్లాలోంచి కూరగాయలకని తీసుకున్న నోట్లలో యాభయ్యో వందో ఆమె దగ్గర మిగిలేవి. ఫోన్‌పేలో ఏం మిగులుతుంది? కమీషన్ల భారం గురించీ, మరికొన్ని పద్ధతుల గురించీ రెస్టారెంట్ల జాతీయ సంఘం 2021లో కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే, 2022 ఏప్రిల్‌లో స్విగ్గీ, జొమాటోలపై విచారణకు కమిషన్ ఆదేశించింది. 2022 జనవరి 1 నుంచి యాప్ ద్వారా అమ్మే రెస్టారెంటు తిండి మీద జీఎస్టీని యాప్ కంపెనీలే వసూలు చేయాలన్నారు. దాంతో ఏడాదికి 20 లక్షల అమ్మకం కూడా లేక పన్ను పరిధిలోకి రాని చిన్న కొట్టు ఇడ్లీ మీద కూడా, యాప్‌లో తెప్పిస్తే 5 శాతం పన్ను పడింది. ఇవన్నీ పత్రికల్లో చర్చకు వచ్చాయి. వండిన మనిషికి ఏం దక్కుతోందన్నది చర్చకు రాలేదు.

"కానీ ఎంతోమంది గృహిణులు ఇంటి నుంచే వ్యాపారవేత్తలు అయ్యారు కదా?" అని మిత్రులు అడుగుతారు. కొందరు అయ్యారు. తమ పేరు మీద ఖాతా, తమ చేతిలో ఫోను, వంటకి సాయం ఉన్నవాళ్ళు అయ్యారు. వాళ్ళను చూసి నేనూ సంతోషించాను. కానీ ఇల్లు దాటనివ్వని కుటుంబానికి ఇంటినుంచే సంపాదన అనేది ఎంత అనుకూలంగా ఉంటుందో ఆలోచించండి. కోడలు గడప దాటదు, డబ్బు లోపలికి వస్తుంది. పితృస్వామ్యానికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ విమర్శ నుంచి నన్ను నేను తప్పించుకోను. ఆ రోజుల్లో మన సంఘాలు బియ్యం పంచాయి, మాస్కులు కుట్టించాయి, హింసకు గురవుతున్నవాళ్ళ ఫోన్లు రాత్రింబవళ్ళు ఎత్తాయి. దాంతోపాటు ఇంటి భోజనం అమ్మే స్త్రీల ఫోన్ నంబర్లతో వాట్సాప్‌లో జాబితాలు తిప్పాం. అలాంటి జాబితా ఒకటి నేనే తయారుచేశాను. స్త్రీల సాధికారత అని పైన రాశాను కూడా. అందులో ఒక్కరినైనా నువ్వు ఎన్నింటికి పడుకుంటున్నావు, డబ్బు ఎవరి చేతికొస్తోంది అని అడగలేదు. పార్సిల్ వేడిగా వచ్చింది, తిన్నాను. ఈ వ్యాసం ఆ బాకీ కొంత తీర్చుకోవడానికే.

ఇప్పుడు మనం చేయగలిగిన పనులున్నాయి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీల్లో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి, వాళ్ళలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. మీ పట్టణంలో ఆ కమిటీ ఉందా, చివరిసారి ఎప్పుడు సమావేశమైంది, అందులో స్త్రీలెవరు అని మునిసిపాలిటీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కుటుంబం కలిసి నడిపే తిండి వ్యాపారాల్లో రిజిస్ట్రేషనూ బ్యాంకు ఖాతా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని అడుగుదాం. వాటికి అప్పులిచ్చేటప్పుడు ఖర్చుల పట్టికలో భార్య శ్రమకు కూడా ఒక గడి పెట్టమందాం. ఇలాంటి విపత్తు మళ్ళీ వచ్చి హోటళ్ళు మూయించినప్పుడు, అప్పు కాదు, పని పోయినవాళ్ళకు నేరుగా జీవన భృతి ఇవ్వాలని, ఆ జాబితాలో తోమేవాళ్ళూ ఊడ్చేవాళ్ళూ ముందుండాలని ఇప్పుడే పట్టుబడదాం. ఆపద వచ్చాక అడిగితే మనకు మళ్ళీ చెప్పేది సర్దుకుపొమ్మనే.

అంట్లు తోమిన ఆమె ఇప్పుడు ఒక ఫంక్షన్ హాల్లో పనిచేస్తోంది. ముహూర్తాలున్న రోజులే కూలి, మిగతా రోజులు లేదు. పాత హోటలు నుంచి ఆమెకు రావలసిన మార్చి నెల జీతంలో సగం ఈనాటికీ రాలేదు. "అడుగుదామా?" అంటే, "ఇంగ ఎట్ల అడుగుత మేడం, ఆమె కూడ తిప్పలు పడుతుంది కద" అంది. కొట్టు యజమానిని కాదు, పెనం దగ్గరున్న ఆమెను తలచుకుని అంది. ఆ ఇద్దరినీ ఒకే సమావేశంలో కూర్చోబెట్టగలిగిన రోజున ఆ సగం జీతం సంగతి కూడా అక్కడే మాట్లాడుదాం. అడగాల్సింది గల్లా దగ్గర కూర్చున్నవాణ్ణి.