చెక్క మీద మైసోలియా

కోనసీమలో మామిడికుదురు దగ్గర ఓ ఊరుంది. పేరు నగరం. ఐరోపాలో 16వ శతాబ్దంలో అచ్చయిన పటాల్లో ఈ నగరాన్ని వెతికితే దొరకదు. అమలాపురం, రాజోలు కూడా కనిపించవు. అయినా అలాంటి పాత పటాలు సేకరించే తెలుగువాళ్లు చూసుకోదగ్గ పేరొకటి వాటిలో ఉంది... మైసోలియా!

అది మన తీరమే. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలమీ, వర్తకులూ నావికులూ చెప్పిన సంగతులతో లోకంలోని ఊళ్ల జాబితా రాశాడు. అందులోని కొంటకొస్సిల మన ఘంటసాల అని చరిత్రకారుల మాట. మైసోలస్ నది కృష్ణ అని ఎక్కువమంది అంటే, కాదు గోదావరేనని కొందరు వాదిస్తారు. గోదావరి జిల్లాలవాళ్లు ఎటువైపు ఉంటారో చెప్పక్కర్లేదు!

దాదాపు 1400 ఏళ్ల తరవాత ఆ లెక్కలతోనే 1513లో స్ట్రాస్‌బర్గ్‌లో వాల్డ్‌సీముల్లర్ పటాలు, 1540లో బాసెల్‌లో సెబాస్టియన్ మున్‌స్టర్ పటాలు వచ్చాయి. వాటిలో టాలమీ గీయించిన ఇండియా చూస్తే నవ్వొస్తుంది. దక్షిణాన కోసుగా దిగాల్సిన దేశం చదునుగా ఉంటుంది. కింద శ్రీలంక మాత్రం ఓ ఖండమంత!

ఇంతకీ ఈ పటాలు ఎలా అచ్చువేశారు? పెడన వెళ్లినవాళ్లకు చెప్పడం తేలిక. కలంకారీ అద్దకానికి టేకు అచ్చు చెక్కినట్టే, గీత ఉన్నచోట కలప వదిలేసి మిగతాదంతా తవ్వేస్తారు. పైకి తేలిన గీతకు సిరా పూసి, కాగితానికి అద్దుతారు. అంత సన్నగా అక్షరాలు చెక్కడం కష్టం కాబట్టి మున్‌స్టర్ పటాల్లో చెక్కకు గాళ్లు తవ్వి, ఊరి పేర్లను లోహపు అక్షరాలతో బిగించేవారు. చెక్కకు పురుగు పడితే ఆ రంధ్రాలు కాగితం మీద తెల్లచుక్కలుగా పడతాయి. సేకర్తలు భూతద్దంతో వెతికేది ఇలాంటివే. 1570లో ఆర్టీలియస్ రాగి రేకులతో అట్లాస్ తెచ్చాక చెక్క పని క్రమంగా వెనకబడింది. 1572లో మొదలైన బ్రౌన్, హోగెన్‌బర్గ్‌ల నగర చిత్రాలూ రాగివే. వాటిలో కాలికట్, కన్ననూరు, గోవా, దియు ఉన్నాయి. తెలుగు ఊరు ఒక్కటీ లేదు.

కొనేవాళ్లు ముందు పటం వెనక్కి తిప్పి చూడాలి. మున్‌స్టర్ 'కాస్మోగ్రాఫియా' 1544 నుంచి 1628 వరకూ అనేక భాషల్లో మళ్లీమళ్లీ అచ్చయింది. పటం ఏ ముద్రణలోదో తేల్చడానికి వెనకున్న అక్షరాలే పెద్ద ఆధారం. ఫ్రేము కట్టేవాళ్లు అట్టకు అంటించేస్తే ఆ ఆధారం పోయినట్టే. రంగులు కూడా చాలాసార్లు తరవాతెప్పుడో పూసినవే.

వెనక అక్షరాలున్నాయంటే ఆ పటం ఒకప్పుడు పుస్తకంలో పేజీ అన్నమాట. పుస్తకం మొత్తంగా అమ్మితే వచ్చేదానికన్నా పటాలు విడివిడిగా అమ్మితే ఎక్కువ గిడుతుంది. అందుకే వ్యాపారులు కుట్టు విప్పి పేజీలు కోసేశారు. పాత పుస్తకాలు అలా ఎన్నో చెదిరిపోయాయి. ఎప్పుడో విడిపోయిన పేజీ కొనుక్కోవడం వేరు. గోడ మీద పటం కోసం నిండు పుస్తకాన్ని కోయించడం మాత్రం సరదా అనిపించుకోదు.

డబ్బు పెట్టకుండానే చూడాలంటే అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, స్టాన్‌ఫర్డ్‌లోని డేవిడ్ రమ్సే కేంద్రం పాత పటాల స్కాన్లను ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టాయి. టాలమీ ఆసియా పటాల్లో పదోది తెరిచి, గంగ నుంచి పడమరగా తీరం వెంబడి రండి.