మూసి ఉన్న తలుపు, 100% బ్యాటరీ

"పెరటి తలుపు: మూసి ఉంది. బ్యాటరీ: 100%." మూడ్రోజులుగా నా ఫోన్లో ఇదే. విజయవాడలో అమ్మ ఒక్కతే ఉంటోందని మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు నేనే బిగించొచ్చిన సెన్సర్ అది. ఆదివారం ఏదో మాట్లాడుతూ, "ఉండరా, పెరటి తలుపు తీసుంది, పిల్లి దూరుతోంది" అంది అమ్మ. యాప్ చూశాను. మూసే ఉందట!

అరగంట అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, వంటింట్లో నేను పెట్టిన స్మార్ట్ ప్లగ్ పీకేసి అక్కడ మిక్సీ పెట్టుకుంది. ఆ ప్లగ్గే జిగ్‌బీ రూటర్. సెన్సర్ మాటల్ని హబ్‌కి మోసేది అదే. అది పోయాక కొన్ని సెన్సర్లు వేరే దారి వెతుక్కుంటాయి, ఇది వెతుక్కోలేదు. అమ్మ తప్పేం లేదు. హబ్ ఇన్వర్టర్ మీదా, ప్లగ్ మామూలు లైను మీదా ఉంటే కరెంటు పోయినా ఇంతే.

నా కోపం సెన్సర్ మీద కాదండీ. 220 మిల్లీ ఆంపియర్ అవర్ల బటన్ సెల్‌తో ఏడాదో రెండేళ్ళో బతకాలంటే అది నిద్రపోవాల్సిందే. హబ్‌కేం రోగం? మూడ్రోజులు ఉలుకూ పలుకూ లేకపోతే, ఆఖరిసారి విన్నదాన్నే ఇప్పటి నిజంలా చూపిస్తుందా? ఆఫీసులో సర్వర్ 5 నిమిషాలు హార్ట్‌బీట్ పంపకపోతే ఆన్‌కాల్ వాణ్ణి అర్ధరాత్రి నిద్ర లేపుతాం. ఇంటికి రాసే ప్రోగ్రాముల్లో మాత్రం మనకి మౌనం అంటే క్షేమం!

"మాటిమాటికీ పింగ్ చేస్తే బ్యాటరీ అయిపోతుంది" అంటారు. ఎవరు చెయ్యమన్నారు? చాలా సెన్సర్లు ఎలాగూ గంటకోసారో, కొన్ని గంటలకోసారో పలకరిస్తూనే ఉంటాయి. ఆ పలకరింపు రాలేదని లెక్కపెట్టుకోవడానికి హబ్‌కి ఏ బ్యాటరీ ఖర్చు? హోమ్ అసిస్టెంట్‌లోని జెడ్‌హెచ్ఏ 6 గంటలు చూసి బ్యాటరీ పరికరం అందుబాటులో లేదని చెప్తుంది. జిగ్‌బీ2ఎంక్యూటీటీ 25 గంటలు ఆగుతుంది, అదీ మనం ఆన్ చేసుకుంటేనే. ఊరికే పంచిపెట్టేవాళ్ళు చేసిన ఆ కాస్త పని, నేను డబ్బులు పోసి కొన్న హబ్ (పేరెందుకు లెండి) చెయ్యదు.

ఆ 100% ఇంకో నాటకం. లిథియం సెల్ దాదాపు చివరిదాకా 3 వోల్టుల దగ్గరే నిలబడి, ఆనక ఒక్కసారిగా జారిపోతుంది. వోల్టేజీ చూసి శాతం చెప్తే 100 అంటూనే చస్తుంది.

"ఆ ప్లగ్ మళ్ళీ పెట్టెయ్యమ్మా" అన్నాను.

"మరి మిక్సీ ఎక్కడ పెట్టుకోను?" అంది.